గెలిస్తేనే ఆడనిస్తారా?

నాకు ఫుట్‌బాల్ పిచ్చి ఉందని చెబితే వినేవాళ్లు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి, "మీ ఆయనకా, మీకా?" అని అడుగుతారు. నాకేనండీ. మా ఆయనకి క్రికెట్ తప్ప మిగతా ఆటలన్నీ స్కూల్లో డ్రిల్లు పీరియడ్‌తో సమానం. పోనీ ఆ పిచ్చి ఏ బార్సిలోనా మీదో, మాంచెస్టర్ యునైటెడ్ మీదో అయితే నలుగురిలో చెప్పుకోవడానికైనా బాగుండేది. నాది మన హైదరాబాద్ ఎఫ్‌సీ మీద. అవును, అలాంటి జట్టొకటి ఉండేది. "ఉండేది" అని ఎందుకంటున్నానో తర్వాత చెబుతాను.

ఆటల గోల మనకెందుకులే అని పేజీ తిప్పేయకండి. ఇది ఆట గురించి మొదలైనా మన ఇళ్ల గురించే. మన ఇంట్లో ఎవరికి ఓడిపోయే స్వేచ్ఛ ఉంది, ఎవరికి లేదు అన్నది నా ప్రశ్న. ఆ ప్రశ్న నాకు ఒక ఓడిపోయిన జట్టు వల్ల వచ్చింది.

ముందు ఆ జట్టు కథ కాస్త చెప్పాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో మొదటి ఏడాది పది జట్లలో పదో స్థానం. తర్వాత కరోనా వచ్చింది. రెండేళ్లపాటు లీగ్ మొత్తం గోవాలోనే పెట్టారు. ఆ గోవాలోనే, ఎక్కడో దూరంగా, మన జట్టు పెరిగి పెద్దదైంది. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్, నైజీరియా నుంచి వచ్చిన ఓగ్‌బెచే అనే గోల్స్ యంత్రం, వాళ్ల వెనక మన దేశపు కుర్రాళ్లు. 2022 మార్చి 20న ఫైనల్. స్టేడియం నిండా కేరళ అభిమానులే. ముందు కేరళ గోల్ కొట్టింది. ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి వెళ్లి వలలో పడింది. చివరికి పెనాల్టీలు. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. కప్పు మనది!

ఆ రాత్రి నేను గట్టిగా అరిస్తే పక్క ఫ్లాట్ వాళ్లు ఏమైందోనని తలుపు కొట్టారు. కప్పు గెలిచామని చెబితే "ఏ కప్పు?" అన్నారు. తప్పు వాళ్లది కాదు. జట్టు గెలిచిన ఆ ఏడాది మన ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. గెలుపంతా గోవాలోనే జరిగిపోయింది.

తర్వాతి ఏడాది గచ్చిబౌలికి తిరిగి వచ్చారు, లీగ్‌లో రెండో స్థానం. ఆ మరుసటి ఏడాది, అంటే 2023-24లో, ఇల్లు కూలినట్టు కూలిపోయింది. కోచ్ గోవా జట్టుకి వెళ్లిపోయాడు. జీతాల గొడవలు, కొత్త ఆటగాళ్లని తీసుకోకూడదని ఆంక్షలు... రోజూ పేపర్లో ఇవే. జనవరి వచ్చేసరికి పేరున్నవాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. మిగిలింది నిన్నగాక మొన్న మీసాలొచ్చిన పిల్లలు. 22 మ్యాచ్‌లు ఆడితే 16 ఓటములు, 5 డ్రాలు, ఒకే ఒక్క గెలుపు. గెలిస్తే మూడు, డ్రా అయితే ఒకటి చొప్పున మొత్తం 8 పాయింట్లు. లీగ్‌లో అందరికన్నా అడుగున.

ఆ ఒక్క గెలుపు కోసం ఎంత కాలం చూశామో తెలుసా? దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, సంక్రాంతి ముగ్గులు కూడా చెరిగిపోయాయి. మార్చిలో చెన్నై వెళ్లి, వాళ్ల మైదానంలో వాళ్ల మీద ఒకటి-సున్నాతో గెలిచారు. ఆ రోజు మా ఇంట్లో సేమ్యా పాయసం. "ఏంటి విశేషం?" అన్నారు మా ఆయన. "చెన్నై మీద గెలిచాం" అన్నాను. ఐపీఎల్ అప్పుడే మొదలైపోయిందా అని ఆయన కంగారు.

ఆ ఐదారు నెలలూ నేను మ్యాచ్‌లు చూసింది హాల్లో టీవీ ముందు కూర్చుని కాదు. ఆ టైముకి టీవీ మా అత్తగారి సీరియల్‌ది. నా ఫోన్ పోపులడబ్బాకి ఆనించి, చపాతీలు కాల్చుకుంటూ చూసేదాన్ని. అప్పుడప్పుడు ప్రకటనల మధ్యలో అత్తగారు వంటింట్లోకి వచ్చి కాసేపు నిలబడి చూసేవారు. ఒకసారి ఆవిడ చాలా బాధగా అడిగారు: "అందరూ వచ్చి ఆ వల దగ్గర నిలబడ్డ పిల్లాడి మీదే పడుతున్నారు, వాడికి సాయం వెళ్లేవాడే లేడేమే?" ఆ సీజన్ మీద ఇంతకన్నా మంచి విశ్లేషణ నేను ఏ పేపర్లోనూ చదవలేదు.

ఇంట్లో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: "ఓడిపోతారని తెలిసి కూడా ఎందుకు చూస్తావ్?"

మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని. తర్వాత ఒకరోజు నాకే అనిపించింది, ఈ ప్రశ్న మన ఆడవాళ్లని అడగడం కన్నా వింత ఉందా అని. రేపు మళ్లీ పడతాయని తెలిసీ ఈ రాత్రి అంట్లు తోముతున్నాం కదా? సాయంత్రానికి మళ్లీ మాసిపోతుందని తెలిసీ పొద్దున్నే గచ్చు తుడుస్తున్నాం కదా? పిల్లాడు సగం తిని మిగతాది అలాగే వెనక్కి తెస్తాడని తెలిసీ రోజూ లంచ్ బాక్సు కడుతున్నాం. మన పనికి ఫైనల్ లేదు, కప్పు లేదు, మెడలో పతకం వేసేవాళ్లు లేరు. గెలుపు ఉంటేనే పని చేస్తానని మనం అంటే దేశంలో ఒక్క పొయ్యి వెలగదు. కాబట్టి గెలవని దాన్ని ప్రేమించడం మనకి చేతనైనంతగా ఇంకెవరికీ చేతకాదు.

కానీ మన సినిమాలు ఈ సంగతి ఒప్పుకోవు. ఆటల సినిమా అంటే మనకో లెక్క ఉంది. ఇంటర్వెల్ ముందు ఓడిపోవాలి. ఇంటర్వెల్ తర్వాత ఒక పాటలో కొండలెక్కి, టైర్లు లాగి, ఇసుకలో పరిగెత్తి కండలు పెంచాలి. ఆఖరి నిమిషంలో, దెబ్బ తగిలిన కాలితోనే, గెలిచి తీరాలి. ఆడేది రగ్బీ అయినా 'సై'లో గెలుస్తారు, హాకీ అయినా 'చక్ దే ఇండియా'లో గెలుస్తారు, 'లగాన్'లో అప్పటిదాకా బ్యాటు పట్టనివాళ్లు దొరల మీద గెలుస్తారు. నేనూ చూశాను, ఈలలు వేశాను, కళ్లు తుడుచుకున్నాను. వాటి మీద నాకు కోపమేమీ లేదు. ఓటమి అంటే ఇంటర్వెల్ మాత్రమేనని, సమోసా తిని వచ్చేసరికి గెలుపు మొదలవుతుందని అవి చెబుతాయి. మరి ఇంటర్వెల్ తర్వాత కూడా ఓడిపోయేవాళ్ల సంగతి? నా జట్టుకి పాట కూడా లేదు. 22 మ్యాచ్‌లూ ఇంటర్వెల్ ముందరి సినిమాయే.

కొన్ని మాత్రం దారి తప్పి నిజం చెప్పాయి. 'జెర్సీ'లో నానిని తలచుకోండి. కొడుకు పుట్టినరోజుకి జెర్సీ కొనడానికి 500 రూపాయలు లేని తండ్రి. ఆ సినిమాలో మనందరికీ గుర్తుండిపోయింది ఏ సిక్సరూ కాదు. రైల్వే ప్లాట్‌ఫాం మీద రైలు వెళ్తుంటే ఆ శబ్దంలో తన గొంతు కలిపి ఆనందంగా అరిచిన దృశ్యం. అప్పటికి అతను గెలిచింది ఏమీ లేదు. ముప్పయ్యారేళ్లకి ఆడనిచ్చారు, అంతే. ఆడనివ్వడమే అంత సంతోషం!

మా అమ్మాయి చూపించిన 'టెడ్ లాసో' అనే ఇంగ్లీషు సిరీస్ ఇంకొకటి. ఫుట్‌బాల్ గురించి ఓనమాలు తెలియని అమెరికన్ ఒకాయన ఇంగ్లండులో ఒక జట్టుకి కోచ్‌గా వస్తాడు. మన సినిమా అయితే మొదటి భాగం చివర కప్పు కొట్టాలి. ఇందులో మొదటి సీజన్ చివర ఆ జట్టు ఓడిపోయి కింది డివిజన్‌కి పడిపోతుంది. మూడో సీజన్ చివరికి కూడా లీగ్ గెలవరు, రెండో స్థానం. అయినా చూసినవాళ్లెవరూ మోసపోయామని అనుకోలేదు. ఎందుకంటే ఆ గదిలో ఓడి వచ్చిన కుర్రాళ్లతో ఎలా మాట్లాడాలో ఆ కోచ్‌కి తెలుసు.

ఇక ఆడపిల్లల ఆటల సినిమాలకి వస్తే నాకు ఇంకో సంగతి కనిపించింది. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

2002లో వచ్చిన 'బెండ్ ఇట్ లైక్ బెకమ్' చూసే ఉంటారు. లండన్‌లో పంజాబీ పిల్ల, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. వాళ్లమ్మకి పిల్ల వంట నేర్చుకోవాలని. దొంగచాటుగా ఆడుతుంది. చివరికి పెద్దలు ఎప్పుడు ఒప్పుకుంటారు? ఫైనల్ గెలిచాక, అమెరికా కాలేజీలో స్కాలర్‌షిప్ వచ్చాక. 'దంగల్' తీసుకోండి. ఊరంతా నవ్విన ఆడపిల్లల్ని ఊరు ఎప్పుడు నెత్తిన పెట్టుకుంది? పతకం వచ్చాక. విజయ్ నటించిన 'విజిల్' తీసుకోండి, ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు. ఒక్కో పిల్లది ఒక్కో కన్నీటి కథ. వాళ్ల ఆటకి అర్థం వచ్చింది గెలిచాకే. ఇవన్నీ మంచి ఉద్దేశంతో తీసిన సినిమాలే. కానీ అన్నీ కలిపి మనకి ఒక షరతు నేర్పాయి: ఆడపిల్ల ఆడొచ్చు, గెలిస్తే.

అదే మగపిల్లాడికి ఆ షరతు ఉందేమో మీ వీధిలోనే చూడండి. మా ఆడపడుచు కొడుకు ప్రతి ఆదివారం కాలనీ టీంలో క్రికెట్ ఆడతాడు. నాలుగేళ్లుగా వాళ్లు ఏ టోర్నమెంటులోనూ రెండో రౌండు దాటలేదు. వాడిని ఎవ్వరూ "దీనివల్ల లాభం ఏంటి నాయనా?" అని అడగలేదు. పొద్దున్నే టిఫిన్ పెట్టి పంపిస్తారు, మధ్యాహ్నం ఎండకి మాడి వస్తే మజ్జిగ ఇస్తారు. మగపిల్లాడికి ఆట సరదా. ఆడపిల్లకి ఆట అంటే ప్రతిసారీ రాయాల్సిన పరీక్ష.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్ ఫుట్‌బాల్ జట్టులో వెనక వైపు ఎడమ పక్కన ఆడుతుంది. కిందటి చలికాలం స్కూళ్ల మధ్య పోటీల్లో మూడు మ్యాచ్‌లు ఆడారు. మూడూ ఓడారు. ఒకటి ఆరు-సున్నా. అప్పటిదాకా అది ఆడుతుందన్న సంగతే పట్టని చుట్టాలకి ఒక్కసారిగా అభిప్రాయాలు వచ్చేశాయి. "వచ్చే ఏడు టెన్త్ కదమ్మా, గెలిచేదైతే సరే అనుకోవచ్చు, ఓడిపోయేదానికి ఇంత ఎండలో నల్లబడటం ఎందుకు?" అన్నారొకరు. పెళ్లి సంబంధాల నాటికి మోకాళ్ల మీద మచ్చలు ఉంటాయని ఇంకొకరు. మా ఆయన చెడ్డవారు కారు, కానీ ఆయన కూడా "పోనీ మానేసి, టెన్త్ అయ్యాక చూద్దాంలే" అన్నారు. మన ఇళ్లల్లో "అయ్యాక చూద్దాంలే" అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మనలో ఎందరి సంగీతం, ఎందరి డాన్సు, ఎందరి బొమ్మలు ఆ మాట దగ్గర ఆగిపోయాయో లెక్కపెట్టుకుంటే తెలుస్తుంది.

నేను ఆయన్ని ఒక్కటే అడిగాను. "మీ మేనల్లుడిని ఎవరూ మానమనలేదే? వాడు నాలుగేళ్లుగా ఓడుతూనే ఉన్నాడు." ఆయన దగ్గర జవాబు లేదు. మా అత్తగారి దగ్గర ఉంది. "దానికి ఆడాలని ఉంటే ఆడనీరా. ఓడిపోయి వచ్చినా రెండు ముద్దలు ఎక్కువ తింటోంది" అన్నారావిడ. చర్చ అక్కడితో ముగిసింది. వారానికి మూడు రోజులు ఆట, మిగతా రోజులు ట్యూషన్. ఇది రాస్తున్న నాటికి కూడా వాళ్ల జట్టు ఒక్క మ్యాచ్ గెలవలేదు. గెలిచాక రాద్దామని నేను ఆగలేదు. ఆగితే నేను చెప్పేది నేనే అబద్ధం చేసినట్టు.

ఇక్కడ ఒకరు అడగొచ్చు: ఓడిపోయినా పర్లేదంటే పిల్లలు కష్టపడటం మానేయరా? ఓటమికి అలవాటు పడిపోరా?

ఆ ఏడాది హైదరాబాద్ పిల్లలు ఆడిన ఆట చూస్తే ఆ అనుమానం పోతుంది. ఎప్పటికీ పైకి రాలేమని తెలుసు. అప్పట్లో ఐఎస్‌ఎల్‌లో ఆఖరి స్థానం వచ్చినా కింది డివిజన్‌కి తోసేసేవాళ్లు కాదు కాబట్టి ఆ భయం కూడా లేదు. మానేసి నడుస్తూ ఆడినా అడిగేవాడు లేడు. అయినా 90వ నిమిషంలో బంతి వెనక పరిగెత్తారు. గెలుపు కోసం పరిగెత్తేవాళ్లని అందరూ చూస్తారు. గెలుపు లేదని తెలిసీ పరిగెత్తేవాళ్లని చూడటం మా అమ్మాయికి నేను ఇచ్చిన మంచి పాఠం అనుకుంటున్నాను. ఆరు-సున్నా రోజున అది చివరిదాకా పరిగెత్తింది. వాళ్ల పీటీ టీచరు చెప్పారు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఓడిన జట్టు పక్కన నిలబడటం అంటే జరిగినదానికల్లా తల ఊపడం కాదు. నాకు ఆ సీజన్ మీద చాలా కోపం ఉంది. ఆడినవాడికి జీతం అందాలి, పిల్లల్ని ఒంటరిగా మైదానంలోకి తోసేసి పెద్దవాళ్లు తప్పుకోకూడదు. ఆ కోపం అభిమానికి ఉండాలి. మనకి చిన్నప్పటి నుంచి "సర్దుకుపో" అని నేర్పారు కాబట్టి ఈ రెండూ కలిపేసుకుంటాం. ఓటమిని ఓర్చుకోవడం వేరు, అన్యాయానికి సర్దుకుపోవడం వేరు. మ్యాచ్ ఓడిన పిల్లని దగ్గరకి తీసుకోవాలి. పిల్లకి ఆడటానికి బూట్లు లేకపోతే, గ్రౌండ్ లేకపోతే, ఆ బాధ్యత ఉన్నవాళ్లని నిలదీయాలి. రెండూ ఒకే నోటితో చెయ్యొచ్చు.

బూట్లంటే గుర్తొచ్చింది. మన హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్తేమీ కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం అని మన ఊరి స్కూల్ టీచరు ఒకాయన ఉండేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయనే దేశపు జట్టుకీ కోచ్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. యుగోస్లావియా చేతిలో పది-ఒకటి తేడాతో ఓడారు. పది గోల్స్! ఇప్పుడైతే ఆ రాత్రికి రాత్రే మీమ్స్ చేసి ఊరేగించేవాళ్లం. ఆ రహీంగారే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టుని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని రెండు-ఒకటితో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ జట్టులో మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. మరుసటి ఏడాదే రహీంగారు క్యాన్సర్‌తో పోయారు.

ఆయన మీద 'మైదాన్' అని అజయ్ దేవగణ్‌తో సినిమా తీశారు. 2024 ఏప్రిల్‌లో వచ్చింది. సరిగ్గా అదే నెలలో మన జట్టు ఆఖరి స్థానంతో సీజన్ ముగించింది. నేనూ మా అమ్మాయీ వెళ్లిన ఆటకి హాల్లో సగం పైగా కుర్చీలు ఖాళీ. మన ఊరాయన కథ, మన ఊళ్లోనే ఖాళీ కుర్చీలు. ఆ సినిమా కూడా బంగారు పతకం దగ్గరే ఆగుతుందని తెలుసు. అయితే నాకు నచ్చింది మొదట్లో పది గోల్స్ తిని వచ్చిన భాగం. 1952కీ 1962కీ మధ్య పదేళ్లు. పది గోల్స్ తిన్న ఆటని ఆ పదేళ్లు ఎవరో వదలకుండా పట్టుకున్నారు కాబట్టే పతకం ఉంది. ఓడిన రోజే చాప చుట్టేసి ఉంటే మనకి చెప్పుకోవడానికి 1962 ఉండేది కాదు.

ఈ మాటలు ఆటతో ఆగిపోతే నేను ఇంత రాసేదాన్ని కాదు. మన రెండు రాష్ట్రాల్లో పిల్లలకి చిన్నప్పటి నుంచి వినిపించే పాట ర్యాంకుల పాట. టీవీ పెడితే ఒకటి, ఒకటి, ఒకటి, రెండు అని అరిచే ప్రకటనలు. రోడ్డెక్కితే హోర్డింగుల నిండా ఫొటోలు. ఆ ఫొటోల్లో లేని లక్షల మంది పిల్లల ముఖాలు ఎక్కడా కనిపించవు. ఏటా ఇంటర్ ఫలితాలొచ్చిన వారం పేపర్ తెరవాలంటే నాకు చెయ్యి రాదు. ఏ ఊళ్లో ఏ తల్లి కడుపు మండిందో అని భయం. మార్కులు తక్కువొచ్చాయని ప్రాణం తీసుకున్న పిల్లకి ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు, ఓడిపోయినవాళ్లు కూడా మర్నాడు లేచి పళ్లు తోముకుని, ఇడ్లీ తిని, మళ్లీ బయటికి వెళ్తారని చూపించి ఉంటే? చెబితే నమ్మరు పిల్లలు. మనం చెప్పేవన్నీ వాళ్లకి సుభాషితాలే. చూడాలి. వాళ్లమ్మ ఓడిపోయిన జట్టుని వరసగా ఆరు నెలలు ఎందుకు చూస్తోందో కళ్లారా చూడాలి.

ఇప్పుడు మొదట్లో దాటేసిన మాట. 2024-25లో కొత్త యాజమాన్యం వచ్చింది. అయినా 13 జట్లలో 12వ స్థానమే. 2025 అక్టోబర్‌లో జట్టు ఊరే మారిపోయింది. ఢిల్లీ వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టుకుంది. అంటే ఇప్పుడు నాకు ఓడిపోవడానికి కూడా జట్టు లేదు.

వార్త చూసిన రోజు ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. "ఎలాగూ ఓడిపోయేదే కదా" అన్నారు ఇంట్లో. నిజమే. కానీ ఓడేది అయినా మన ఊరి పేరు పెట్టుకుని ఓడింది. వాళ్లు ఓడినప్పుడు గచ్చిబౌలి మెట్ల మీద మాలాంటి కొద్దిమంది డప్పులు కొడుతూ కూర్చునేవాళ్లు. గెలిచే జట్లకి దేశమంతా అభిమానులే, వాటికి మన అవసరం అంతగా లేదు. ఓడే జట్టుకే జనం కావాలి. జనం పలచబడితే డబ్బు పలచబడుతుంది, డబ్బు పలచబడితే జట్టు పెట్టె సర్దుతుంది. ఢిల్లీ వాళ్లు వాళ్లని బాగా చూసుకోవాలనే కోరుకుంటున్నాను. ఓడినా సరే.

మా అమ్మాయి మాత్రం కొత్త జట్టు వెతుక్కుంది. అమ్మాయిల జాతీయ జట్టు మ్యాచ్‌లు చూస్తోంది. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లి దేశానికి ఆడుతున్న గుగులోత్ సౌమ్య దాని గోడ మీదకి ఎక్కింది. "వీళ్లు గెలుస్తారా?" అని అడిగాను. "తెలీదు, చూద్దాం" అంది. ఆ జవాబు నాకు నచ్చింది.

మీ ఇంట్లో ఆడపిల్ల ఆడుతుంటే, పాడుతుంటే, ఇంకేదైనా చేస్తుంటే, దాన్ని గెలుపుతో ముడిపెట్టకండి. మీకూ ఒక ఇష్టం ఉంటే, దానివల్ల పైసా రాకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా, పట్టుకోండి. పిల్లలు పోటీ నుంచి వచ్చినప్పుడు మనం గుమ్మంలోనే "గెలిచావా?" అని అడుగుతాం. దాని బదులు "ఎలా ఆడావ్?" అని అడిగి చూడండి. మా ఇంట్లో ఈ ప్రశ్నకి కనీసం అరగంట జవాబు వస్తుంది. ఎవరు తోశారు, రెఫరీ ఏం చూడలేదు, బంతి ఎక్కడ జారింది, అన్నీ. స్కోరు ఎక్కడో మధ్యలో, అన్నంలో చారు పోసుకుంటూ, దానంతట అదే చెబుతుంది.